కౌంటుకు రాని చేతులు

దెందులూరు నుంచి కొల్లేటి వైపు ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్లండి. కాఫీ గ్లాసు చేతికొచ్చేలోపు చెరువుల మాట రాకపోతే చూడండి. వస్తే ఆ వెంటనే వచ్చేది ‘కౌంటు’. పట్నంలో పుట్టి పెరిగినవాళ్ల కోసం చెబుతున్నాను. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు. వంద తూగితే వంద కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పదో తరగతి లెక్కల్లో తప్పిన కుర్రాడు కూడా, ఇవాళ నలభై కౌంటు రేటెంత, నిన్నటి మీద ఎంత తగ్గింది, నాలుగెకరాల చెరువు మీద అది ఎంత దెబ్బ కొడుతుంది అని గట్టు మీద నిలబడి నోటిలెక్కన చెప్పేస్తాడు.

ఈ వ్యాపారంలో లెక్కకు రానిది లేదు. నీళ్లలో ఉప్పెంతో లెక్క. గంటకు ఏరేటరు కాల్చే కరెంటు లెక్క. కిలో రొయ్య పెరగడానికి పట్టిన మేత లెక్క. పెట్టె బరువు, ఐసు బరువు, లారీ కిరాయి, కమీషను, అన్నీ లెక్కే. అట్లాంటిక్ అవతల ఏదో ఊళ్లో ఒక అమ్మగారు సూపర్ బజారు ఫ్రీజరు తలుపు తీసి చూసే అట్టపెట్టె మీద కూడా లెక్కే ఉంటుంది: ఇన్ని గ్రాములు, ఇన్ని కేలరీలు, ఇంత మాంసకృత్తులు. పెంకు లేదు, తల లేదు, నరం లేదు, నేరుగా మూకుట్లో వేసుకోవడమే అని కూడా రాసి ఉంటుంది.

తల ఎవరు తీశారన్న సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

తీసేది ఆడవాళ్లు. నూటికి తొంభై పాళ్లు అనడానికి నా దగ్గర సర్వే లేదు గానీ, తెల్లారకుండా ఊరి సెంటర్లో ఆగే ఆటోలను, మినీ బస్సులను ఎప్పుడైనా చూసినవాళ్లకు సర్వే అక్కర్లేదు. క్యారేజీ సంచి చంకన పెట్టుకుని ఎక్కుతారు. పీలింగ్ షెడ్డుకో, ప్లాంటుకో వెళతారు. పొద్దస్తమానం నిలబడే పని. ఐసు నీళ్లలోంచి రొయ్య తియ్యడం, తల తుంచడం, పెంకు ఒలవడం, వీపు మీద గాటుపెట్టి నల్లటి నరం లాగడం, ట్రేలో పడేయడం. మళ్లీ ఇంకొకటి. రొయ్య నెత్తి మీద ముల్లు గుచ్చుకోని వేలు ఉండదు. క్లోరిను కలిపిన చల్లనీళ్లలో నానీ నానీ వేళ్ల సందులు పాచిపోతాయి. గ్లౌజులు ఇస్తారు. ఇచ్చినా, గ్లౌజు తొడిగితే పని జోరు తగ్గుతుందని తీసేసేవాళ్లు ఎందరో. ఎందుకంటే చాలాచోట్ల కూలి రోజుకు కాదు, ట్రేకి, లేదా కిలోకి. జోరు తగ్గితే డబ్బు తగ్గుతుంది. సాయంత్రం ఇంటికెళ్లి అదే చేత్తో పచ్చిమిరపకాయ కోయాలి. ఆ మంట పడ్డవాళ్లకే తెలుసు.

కిందటి తరంలో ఇవే చేతులు ఊడ్పుల్లో, కోతల్లో ఉండేవి. చేలు చెరువులయ్యాయి, కోతకు మిషన్లొచ్చాయి. చెరువు పనిలో మగవాళ్లకు మేత చల్లడం, కాపలా, పట్టుబడి దొరికాయి. ఆడవాళ్లకు మిగిలింది పీలింగ్. కాబట్టి ‘ఇష్టం లేకపోతే మానేయొచ్చుగా’ అనేవాళ్లు, మానేసి ఎక్కడికెళ్లాలో కూడా చెబితే బావుంటుంది.

అంకెలు ఒకటి రెండు చూద్దాం. 2009లో వనామీ రొయ్యకు మన దేశం తలుపు తెరిచింది. ఆ తర్వాత చెరువుల దశే మారిపోయింది. 2023-24లో భారతదేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7,16,004 టన్నులు. విలువ 40 వేల కోట్ల రూపాయల పైమాట. అందులో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాయే కొన్నది. దేశంలో ఈ పంట సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. అంటే ఆ దేశంలో శనివారం రాత్రి పార్టీకి ప్లేటులో పెట్టుకునే రొయ్యల్లో చాలావాటిని మన గోదావరి, కృష్ణా జిల్లాల ఆడవాళ్ల వేళ్లు ముందే తాకి ఉంటాయి.

కొనేవాడు కన్నెర్రజేస్తే ఏమవుతుందో మన రొయ్యల వ్యాపారానికి తెలియని విద్య కాదు. 1997 ఆగస్టులో యూరప్ దేశాలు శుభ్రత లేదంటూ మన సముద్ర ఉత్పత్తుల్ని కొనడం ఆపేశాయి. అంతే, నెలలు తిరక్కుండా ప్లాంట్ల రూపం మారిపోయింది. గోడలకు పలకలొచ్చాయి. తలలకు టోపీలొచ్చాయి. కాళ్లు కడుక్కునే తొట్లు, ఈగలు రాకుండా తెరలు, నీటి పరీక్షలు, రాతకోతలు వచ్చాయి. ఆ ఏడాది చివరికే నిషేధం సడలింది. ఆ తర్వాత యాంటీబయాటిక్స్ గొడవ. వంద కోట్ల పాళ్లలో ఒక పాలు మందు అవశేషం కనపడ్డా కంటెయినరు వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఒక్క పాలును పట్టుకునే యంత్రాలు మన దగ్గరికీ వచ్చాయి, వాటిని నడిపే కుర్రాళ్లకు ఉద్యోగాలూ వచ్చాయి. మంచిదే.

అయితే గమనించండి. ఇవన్నీ తినేవాడి కడుపు కోసం వచ్చిన మార్పులు. ఒలిచేదాని కడుపు కోసం వచ్చినవి కావు. టోపీ ఆవిడ జుట్టు రొయ్యలో పడకుండా పెట్టింది, ఆవిడ తల కోసం పెట్టింది కాదు. వంద కోట్లలో ఒక పాలు మందును కనిపెట్టే యంత్రం ఉంది గానీ, ఆ ట్రేలో కనీస వేతనం ఉందో లేదో చెప్పే యంత్రం ఎక్కడా లేదు.

2015లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు వచ్చారు. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ విలేఖరులు థాయిలాండ్ సరుకు వెనకాల పడ్డారు. ఇండోనేషియాలోని ఒక దీవిలో బోనుల్లో పెట్టి ఉంచిన బర్మా జాలర్లను చూశారు. వాళ్లు పట్టిన చేప ఏ ఓడెక్కి, ఏ ప్లాంటుకెళ్లి, ఏ అమెరికా దుకాణంలో తేలిందో అడుగడుగునా రాశారు. ఆ ఏడాది చివర్లో థాయిలాండ్ పీలింగ్ షెడ్లలో తాళాల వెనక రొయ్యలు ఒలుస్తున్న వలస కుటుంబాల కథ బయటపెట్టారు. రెండు వేల మందికి పైగా బయటపడ్డారు. ఆ రాతలకు 2016లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. బలవంతపు చాకిరితో చేసిన సరుకు దిగుమతి చేసుకోకూడదని అమెరికాలో 1930 నుంచీ చట్టం ఉంది. కాకపోతే ‘మన దగ్గర దొరకని సరుకైతే ఫర్వాలేదు’ అన్న సందు ఒకటి అందులో పెట్టుకున్నారు. ఎనభై ఆరేళ్లు ఆ సందులోంచే అన్నీ నడిచాయి. 2016 ఫిబ్రవరిలో దాన్ని పూడ్చేశారు. థాయిలాండ్‌లో పెద్ద కంపెనీ ఒకటి, బయటి షెడ్లకు పని ఇవ్వడం మానేసి ఒలుపుడంతా సొంత ప్లాంట్లోనే చేయిస్తానని ప్రకటించింది.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకు అదే దీపం మన గుమ్మం దగ్గరకొచ్చింది. 2024 మార్చిలో ఒకే నెలలో మూడు దెబ్బలు. షికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రొయ్యల పరిశ్రమ మీద ‘హిడెన్ హార్వెస్ట్’ పేరుతో నివేదిక వెలువరించింది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు మన రాష్ట్రంలో చెరువులు, షెడ్లు తిరిగి చూసింది రాశారు. పీలింగ్ చేసే ఆడవాళ్లు రోజూ నలుగురైదుగురు చేతుల జబ్బులతో తన దగ్గరకొస్తారని కాకినాడ చర్మవైద్యురాలు చెప్పిన మాట అందులోనే ఉంది. మూడోది అమలాపురం. అక్కడి ఛాయిస్ క్యానింగ్ ప్లాంటుకు మేనేజరుగా వచ్చిన జాషువా ఫరినెల్లా అనే అమెరికన్ కొద్ది నెలలకే ఉద్యోగం వదిలేసి, కాగితాలతో సహా తమ ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడు. వలస కార్మికులను ఆవరణ దాటి వెళ్లనివ్వడం లేదని, కిక్కిరిసిన గదుల్లో పెట్టారని, బయటి షెడ్లలో ఒలిపించిన సరుకు లోపలికొస్తోందని ఆరోపించాడు. అవుట్‌లా ఓషన్ ప్రాజెక్టు అనే పాత్రికేయ సంస్థ ఆ కథ ప్రచురించింది. కంపెనీ ఆ ఆరోపణలన్నిటినీ ఖండించింది. ఎవరి మాట నిజమన్నది తేల్చడం ఆదివారం కాలమ్ రాసేవాడి పని కాదు.

కానీ మన ఇళ్లల్లో ఆ వార్త మీద జరిగిన చర్చ నాకు గుర్తుంది. రెండే మాటలు వినపడ్డాయి. ‘ఇదంతా మన సరుకు దెబ్బతీయడానికి వాళ్లాడే నాటకమండీ’ అని ఒకటి. ‘ఆ కూలీ పని కూడా లేకపోతే వీళ్లేం తింటారు?’ అని రెండోది.

మొదటి మాటలో కాస్త నిజం లేకపోలేదు. అక్కడ లూసియానాలో రొయ్యలు పట్టుకునేవాళ్లకు మన చవక రొయ్యంటే కడుపుమంటే. కార్మికుల హక్కుల పేరు చెప్పి వ్యాపారం చేసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ ఎదుటివాడు స్వార్థంతో చెప్పినంత మాత్రాన మన ఇంటి పైకప్పు కారడం ఆగదు కదా! 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన అయిదుగురు కార్మికులు విషవాయువు పీల్చి చనిపోయారు. ఆ వార్తను ఏ అమెరికా వాడూ పుట్టించలేదు.

రెండో మాట గట్టిది. దూరాన ఉన్న కొనుగోలుదారు అలిగితే మొదట ఆకలితో పడుకునేది ఎవరు? మేనేజరు కాదు. ఇవాళ్టి కూలి ఇవాళే తెచ్చుకునే మనిషి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు ప్రత్యక్షంగా చూశాం. చెరువు గట్టున రేట్లు పడ్డాయి, రైతు లబోదిబోమన్నాడు. ఆర్డరు తగ్గిన ప్లాంటుకు మనుషులెందుకు? ‘రేపు రావద్దు’ అని మేస్త్రి చెబితే ఆ మాటకు నోటీసు లేదు, పరిహారం లేదు. అందుకే ‘కొనడం మానేయండి’ అన్న పిలుపు వినడానికి వీరోచితంగా ఉంటుంది గానీ, కార్మికురాలు అడగకుండా ఆవిడ పేరుమీద ఇచ్చే పిలుపు ఆవిడ పొట్ట మీదే పడుతుంది.

మరైతే కొనేవాడు కళ్లు మూసుకోవాలా? అక్కర్లేదు. కానీ ఇప్పటిదాకా కొనేవాడు పంపిస్తున్నది ఆడిటర్ని.

ఆడిట్ అంటే ఏమిటో స్కూలు ఇన్‌స్పెక్షన్ చూసిన మనకందరికీ తెలుసు. ముందురోజు సున్నం, ఆ రోజు కొత్త బల్లలు, జవాబొచ్చే పిల్లలు ముందు వరసలో. అట్టపెట్టె మీద నక్షత్రాల గుర్తులు కూడా ఉంటాయి. పిల్ల పెంచే హేచరీ, మేత మిల్లు, చెరువు, ప్లాంటు, నాలుగూ బాగుంటే నాలుగు నక్షత్రాలు. వీటన్నిటికీ బయట, రేకుల షెడ్డులో మేస్త్రి చేయించే ఒలుపుడికి నక్షత్రం లేదు, రిజిస్టరూ లేదు. ‘ఈ నెల ఎంత ఇచ్చారమ్మా?’ అని కోటు వేసుకున్న పెద్దమనిషి మేస్త్రి ముందే అడిగితే, ఏ ఆడది నిజం చెబుతుంది? ఆయన రేపు విమానమెక్కుతాడు. మేస్త్రి ఆవిడ ఊరివాడే, ఆటో పంపించేది అతనే, పండక్కి అప్పిచ్చిందీ అతనే.

ఈ చోట ఒకసారి తాడేపల్లిగూడెం వెళ్లొద్దాం. దూరమేం లేదు, అదే హైవే మీద రాజమండ్రి వైపు. రాష్ట్రంలో పేరున్న ఉల్లిపాయల మార్కెట్ అది. లారీ దిగిందంటే ముఠా కార్మికులు బస్తాలు దించుతారు. ముఠా కార్మికులకు మన కోస్తాలో ప్రతి మార్కెట్లోనూ ఒక రివాజు ఉంది. బస్తా దించితే ఇంత, ఎక్కిస్తే ఇంత, కాటా వేస్తే ఇంత అని వర్తకుల సంఘమూ కూలీల సంఘమూ కూర్చుని రేటు మాట్లాడుకుంటాయి. గడువు తీరితే మళ్లీ మాట్లాడుకుంటాయి. కుదరకపోతే రెండు రోజులు బస్తా కదలదు. మూడో రోజు కుదురుతుంది. వాళ్ల బతుకు పూలపాన్పని నేననడం లేదు. నడుములు అరిగిపోయే పని అది. కానీ రేటు తేల్చే బల్ల దగ్గర వాళ్లకొక కుర్చీ ఉంది. బస్తాకి లెక్క, ట్రేకి లెక్క, రెండూ ముక్కకు కూలే. అదే జిల్లాల్లో, అదే రోడ్డు మీద, ఒకరికి కుర్చీ ఎలా వచ్చింది, ఇంకొకరికి ఎందుకు రాలేదు?

ముఠా వాళ్లందరూ ఒకే మార్కెట్లో ఒకే చెట్టు కింద కూర్చుంటారు. ఒకరి రేటు ఇంకొకరికి తెలుసు. లారీ నడిరోడ్డు మీద ఆగిపోతే సరుకు కుళ్లిపోతుందని వర్తకుడికీ తెలుసు. పీలింగ్ ఆడవాళ్లది ఏ ఆటోకు ఆ ఆటో. ఒక్కో ఊరికి ఒక్కో మేస్త్రి. పక్క బల్ల మీద ఒలిచేది ఏ రాష్ట్రం నుంచో వచ్చి ప్లాంటు ఆవరణలోనే ఉంటున్న పిల్ల, భాష కలవదు. ‘మీ యజమాని ఎవరు?’ అంటే మేస్త్రి పేరు చెబుతారు గానీ కంపెనీ పేరు చెప్పలేరు. రొయ్య కూడా ఉల్లిపాయలాగే కుళ్లే సరుకే. కానీ చెయ్యి ఆపితే ఏమవుతుందో కలిసి తేల్చుకునే చెట్టు నీడ వాళ్లకు లేదు.

చట్టం లేక కాదు. యూనియన్ పెట్టుకునే హక్కు 1926 నుంచీ ఉంది. ముక్క కూలి అయినా సరే, రోజు మొత్తం మీద వచ్చింది కనీస వేతనానికి తగ్గకూడదని 1948 చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఆ నియమం పోలేదు. కాకపోతే కొత్త కోడ్ ప్రకారం సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. రోజు కూలి మీద బతికేవాళ్లకు పద్నాలుగు రోజులంటే ఎంతో, ఆ లోపు ఎన్ని ఆటోలు దారి మళ్లుతాయో రాసినవాళ్లు ఊహించారో లేదో!

సుప్రీంకోర్టు 1982లో ఇంకో మాట అన్నది. ఢిల్లీ ఏషియాడ్ స్టేడియాలు కట్టిన కూలీల కేసులో. చేతికి సంకెళ్లు వేస్తేనే వెట్టి కాదు, గత్యంతరం లేక కనీస వేతనానికి తక్కువగా పనిచేయడం కూడా రాజ్యాంగం ఇరవైమూడో అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నది. వెట్టి అనగానే మనకు దొరల గడీలు గుర్తొస్తాయి. తెల్లపలకల గోడల మధ్య, ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషి కూడా గుర్తుకు రావాలని ఆ తీర్పు సారం.

కుర్చీ దొరికిన ఉదాహరణ ఒకటి పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో ఒక పెద్ద బట్టల ఫ్యాక్టరీ. దేశవిదేశాల బ్రాండ్లకు దుస్తులు కుట్టి పంపేది. 2021 జనవరిలో అక్కడ పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆమె పై సూపర్‌వైజరుపై హత్య కేసు పెట్టారు. వేధింపుల సంగతి తోటివాళ్లకు ముందే తెలుసు, చెప్పుకునే చోటు లేదు. అక్కడ తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ అని ఆడవాళ్లే నడిపే సంఘం ఒకటుంది. వాళ్లు ‘ఆ కంపెనీ బట్టలు కొనకండి’ అనలేదు. ‘కొనండి, కానీ మాతో ఒప్పందం రాసుకున్నాకే కొనండి’ అన్నారు. విదేశీ సంఘాలు, ఆసియా కార్మిక వేదికలు ఆ మాటను బ్రాండ్ల దాకా మోశాయి. 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యాజమాన్యం సంతకం పెట్టింది. హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ కంపెనీలు కూడా విడిగా ఒప్పందాలు చేసుకున్నాయి. కార్మికుల్లోంచే పర్యవేక్షకులు. వేధింపు మీద ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోకూడదు. ఒప్పందం తప్పితే బ్రాండ్లు వ్యాపార పరంగా చర్య తీసుకోవాలి. తొలి ఏడాదిలోనే నూటికి పైగా ఫిర్యాదులు పైకొచ్చాయి, చాలామటుకు అక్కడికక్కడే పరిష్కారమయ్యాయి. ఆ ఏడాది జులైలో అమెరికా కస్టమ్స్ వాళ్లు ఆ ఫ్యాక్టరీ సరుకు ఆపారు. ఈ ఒప్పందం అమలు చూశాక సెప్టెంబరులో ఆ ఉత్తర్వు ఎత్తేశారు. ఫ్యాక్టరీకి ఆర్డరు నిలబెట్టింది కూడా యూనియనే అన్నమాట. యూనియన్ పేరెత్తితే ఉలిక్కిపడే మన యజమానులు ఈ సంగతి రెండుసార్లు చదువుకోవచ్చు.

అక్కడ ఆడిటర్ చేయలేని పని జరగడానికి కారణం పెద్ద రహస్యమేం కాదు. బల్ల పక్కనున్న మనిషి రేపూ అక్కడే ఉంటుంది.

ఇక అసలు కష్టమైన ముక్క. అమెరికాకు వెళ్లే రొయ్యకు కనీసం అక్కడ అడిగేవాడొకడు ఉన్నాడు. కొల్లేటి చేపకు ఎవరున్నారు? బొచ్చె, శీలావతి ఆకివీడు, కైకలూరు వైపు ఐసు పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి హౌరా వెళతాయి. మిగిలింది మన సంతకొస్తుంది. చెరువు గట్టు మీద గుడిసె వేసుకుని, పాములూ కరెంటు తీగల మధ్య పిల్లలతో సహా కాపురముండి కాపలా కాసే కుటుంబం గురించి షికాగో నుంచి ఎవరూ నివేదిక రాయరు. అర్ధరాత్రి లారీకి ఐసు కొట్టి పెట్టెలు సర్దేవాళ్ల వేళ్లను ఏ విలేఖరీ ఫొటో తీయడు. ఆ చేప కొనేది మనమే. అంటే ఇక్కడ ‘విదేశీ వినియోగదారుడు’ అని వేలు చూపించడానికి ఎవరూ లేరు.

మన వినియోగదారుల ఉద్యమం తక్కువది కాదు. 1986 చట్టం వచ్చాక తూకం రాయి దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా నిలదీయడం నేర్చుకున్నాం. ఏటా డిసెంబరు 24న సభలు పెట్టుకుని ఎమ్మార్పీ, ఐఎస్ఐ, అగ్‌మార్క్ అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ఆ జాబితాలో చేసినవాడి కూలి మాట లేదు. ‘ఏమ్మా, ఒలిచి ఇస్తే కిలోకి ఇంకో ఇరవయ్యా? మరీ అన్యాయం!’ అని సంతలో బేరమాడి, పది తగ్గించుకుని, ఆ ఘనత ఇంటికొచ్చి చెప్పుకుంటాం. ఆ పదీ ఎక్కడి నుంచి తగ్గిందో అడగం. రొయ్య లోంచి తగ్గదు. చేతిలోంచి తగ్గుతుంది.

ఈ మాట మనకు కొత్త కూడా కాదు. 1935లో గాంధీజీ ఖద్దరు కొనేవాళ్లతో పేచీ పెట్టుకున్నారు. నూలు వడికే ఆడవాళ్లకు దక్కుతున్నది మరీ అన్యాయమని, ఖద్దరు ధర పెరిగితే పెరగనీ, వాళ్లకు బతకడానికి చాలినంత ఇచ్చి తీరాలని పట్టుబట్టారు. ధర పెరిగితే ఎవరూ కొనరని కార్యకర్తలే గోలపెట్టారు. ఎనిమిది గంటలకు ఎనిమిది అణాలు ఉండాలన్నది ఆయన కోరిక. అఖిల భారత చరఖా సంఘం అంత దూరం వెళ్లలేకపోయింది గానీ, కూలి రేట్లు పెంచింది. కొనేవాళ్లు మాయమైపోలేదు. శ్రీకాకుళం పొందూరు ఖద్దరు పంచె కట్టుకుని, నేత చూసి మురిసిపోయే మన పెద్దవాళ్లలో ఈ తగువు సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

విదేశాల్లో కొనుగోలుదారుల చట్టాలు ఇకముందు ఇంకా బిగుస్తాయి. బలవంతపు చాకిరి సరుకును అమ్మనివ్వమని యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. అప్పుడు మళ్లీ ప్లాంట్లలో సున్నాలు వేస్తారు. ఈసారి చూడబోయేది గోడ కాదు, వేతనం రిజిస్టరు. అది ఎవరు నింపాలి? ఆడిటర్ వచ్చే ముందురోజు రాత్రి గుమస్తా కూర్చుని నింపేదా, ఒలిచిన మనిషి తన లెక్కతో సరిచూసుకుని వేలిముద్ర వేసేదా?

అందుకని, ఈ పేజీ చదివే ఇళ్లల్లో పీలింగ్‌కు వెళ్లే అక్కో, పిన్నో, వదినో ఉంటే ఒక చిన్న పని. ఇంటి పక్కన ఉన్నా సరే. ట్రేలకు ఇచ్చే టోకెన్లు, చీటీలు డబ్బు చేతికి రాగానే పారేస్తుంటారు. పారేయొద్దని చెప్పండి. చీటీ లేకపోతే పిల్లల పాత నోటుబుక్కులో తేదీ, వెళ్లిన టైము, వచ్చిన టైము, ఎన్ని ట్రేలు, ఎంత ఇచ్చారు, ఏ ప్లాంటు సరుకు అన్నది రోజూ రాయించండి. చదువు రాకపోతే ఎనిమిదో తరగతి పిల్ల రాస్తుంది. కనీస వేతనం రేట్ల కాగితం కార్మిక శాఖ ఆఫీసులో ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని నెలాఖరున ఒక్కసారి కూడికలు చేయండి. ఈఎస్ఐ కోత పడుతుంటే కార్డు ఏదని అడగమనండి. ఒక ఆటోలో పదిమంది వెళితే పదిమందీ రాస్తే ఇంకా మంచిది. యూనియన్ రిజిస్టరుకు కావలసిన కనీస సంఖ్య ఏడు. ఆటోలో అంతకంటే ఎక్కువమందే కూర్చుంటారు.